కాకినాడ సముద్రంలో ఒక్కో బావికి అన్ని వందల కోట్లు ఎందుకవుతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: "కాకినాడ ఎదురుగా సముద్రంలో బోలెడు గ్యాసు, ఆయిలు ఉన్నాయని ఇరవై ఏళ్లుగా వింటున్నాం. ఒక్కో బావికి వందల కోట్లంటారు. నేల మీద అందులో చిన్న భాగంతో అయ్యే పనికి సముద్రంలో అంత ఎందుకు? అంతా పెట్టాక కూడా అనుకున్నంత ఎందుకు రాలేదు? ఇప్పుడు అండమాన్‌లో కూడా దొరికిందంటున్నారు, అదీ ఇంతేనా?"

ముందు సూటిగా జవాబు. లోతు నీటిలో ఖర్చును తేల్చేది లోతు కాదు, రోజులు. అక్కడ ఏ చిన్న ఇబ్బంది వచ్చినా అది రోజుల కిందే బిల్లులోకి ఎక్కుతుంది. ఇక లాభమా నష్టమా అన్నది రెండు విషయాలు తేలుస్తాయి: ఒక్కో బావి ఎంత ఇస్తుంది, డబ్బు పెట్టిన ఎన్నేళ్లకు ఇస్తుంది. మన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ దెబ్బ తిన్నది తవ్వడం చేతకాక కాదు, ఈ రెండో లెక్క దగ్గర.

నా సంగతి కొంచెం చెప్పాలి. కోనసీమ వాణ్ణి. డ్రిల్లింగ్‌లో ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. అందులో పదిహేనేళ్లు లోతు నీటి రిగ్గుల మీదే, మన తూర్పు తీరంలోనూ పశ్చిమాఫ్రికాలోనూ. చివర్లో కంపెనీ మ్యాన్‌గా చేశాను. అంటే బావి ఎవరిదో వాళ్ల తరఫున రిగ్గు మీద కూర్చుని పని చేయించే మనిషి. భూగర్భశాస్త్రం నా సబ్జెక్టు కాదు, ఆ భాగంలో నా మాటకు కాస్త తరుగు తీసుకోండి.

ఒక చిన్న సవరణ కూడా. రాత్రిపూట బీచ్ నుంచి రిగ్గు లైట్లు కనిపిస్తాయని రాశారు. అవి చాలావరకు లంగరేసిన ఓడలవో, తీరానికి దగ్గర్లో తక్కువ నీటిలో ఉన్న ప్లాట్‌ఫాంలవో అయ్యుంటాయి. మన దగ్గర నీటి లోతు 400 మీటర్లు దాటితే డీప్‌వాటర్, 1,500 దాటితే అల్ట్రా డీప్‌వాటర్ అని లెక్క. ముంబై హై తీరానికి 160 కిలోమీటర్ల దూరంలో ఉన్నా అక్కడ నీళ్లు 75 మీటర్లే. కాళ్లు నేలకు ఆనించి ప్లాట్‌ఫాం కట్టేయొచ్చు. మన వైపు అలా కాదు. కాకినాడ నుంచి ముప్పై నలభై కిలోమీటర్లు పోయేసరికి కింద నేల జారిపోతూ ఉంటుంది, ఇంకొంచెం పోతే వేల మీటర్లే.

ఇక రోజుల లెక్క.

లోతు నీటిలో తవ్వే డ్రిల్‌షిప్పును ఆయిల్ కంపెనీలు కొనవు, రోజుకింత అని అద్దెకు తెచ్చుకుంటాయి. 2013-14లో మంచి షిప్పుకు రోజుకు 6 లక్షల డాలర్ల దాకా పలికింది. ఆయిల్ ధర కూలాక 2 లక్షల కిందికి పడింది. ఆ తరువాత మళ్లీ పుంజుకుని 2023-24 నాటికి 4, 5 లక్షల మధ్యకు వచ్చింది. ఇది ఒట్టి ఓడ అద్దె. ఓడ కదలకుండా నిలబడటానికే రోజుకు నలభై యాభై టన్నుల డీజిల్ తాగుతుంది. సప్లై బోట్లు, హెలికాప్టర్లు, మడ్ కెమికల్స్, సిమెంటింగ్ వాళ్లు, బావిలో రాళ్ల తీరు కొలిచే లాగింగ్ వాళ్లు, సముద్రం అడుగున పనిచేసే ఆర్‌ఓవీ రోబో వాళ్లు, నూట యాభై నుంచి రెండు వందల మందికి తిండి, పడక. అన్నీ వేస్తే అద్దెకు ఒకటిన్నర, రెండు రెట్లు తేలుతుంది. చేతి లెక్కకు నేను రోజుకు 7 లక్షల డాలర్లు అనుకుంటాను. డాలరు 85 రూపాయలనుకున్నా రోజుకు 6 కోట్లు, గంటకు 25 లక్షలు. మీరు ఈ జవాబు చదివే పది నిమిషాలకు నాలుగు లక్షలు.

అరవై రోజుల బావి అంటే 360 కోట్లు ఇక్కడే అయిపోయాయి. కేసింగ్ గొట్టాలు, వెల్‌హెడ్ లాంటి సరుకు విడిగా. నేల మీద మామూలు రిగ్గు రోజుకు 20, 25 వేల డాలర్లకు దొరుకుతుంది కాబట్టి అక్కడ రెండు రోజులు ఆలస్యమైతే ఎవరూ నిద్ర మానుకోరు.

ఈ రేటు తలకెక్కితే తప్ప రిగ్గు మీద తీసుకునే నిర్ణయాలు బయటివాళ్లకు అర్థం కావు. ఉదాహరణకు బిట్. అడుగున రాయిని కొరికే ముక్క. నీళ్లు, భూమి కలిపి 5,000 మీటర్ల కింద అది అరిగిపోయిందనుకోండి. మొత్తం గొట్టాల దండ పైకి లాగి, కొత్త బిట్ పెట్టి, మళ్లీ దించాలి. దాన్ని ట్రిప్ అంటాం. రానూ పోనూ ఒక రోజు, 6 కోట్లు. బిట్ ఖరీదు అందులో ఏ మూలకూ రాదు. అందుకే లోతు నీటిలో చవక బిట్ కొనేవాడు తెలివితక్కువవాడు.

ఒకసారి మా రిగ్గు మీద రెండు రకాల మరలున్న గొట్టాలను కలిపే క్రాస్‌ఓవర్ అనే ముక్క తేడా వచ్చింది. బేస్ నుంచి తప్పు మర ఉన్నది పంపారు. దాని ఖరీదు ఒకటి రెండు లక్షలు. సరైనది హెలికాప్టర్‌లో వచ్చేదాకా తొమ్మిది గంటలు అందరం టీ తాగుతూ కూర్చున్నాం. ఆ టీ రెండుంపావు కోట్లయింది. మర్నాటి నుంచి బోటు బయలుదేరే ముందు ప్రతి మరనూ కొలిచి ఫోటో పెట్టమన్నాను. బేస్‌లో కుర్రాళ్లు నన్ను బాగానే తిట్టుకుని ఉంటారు.

ఇంతకంటే ఖరీదైనది బీఓపీ. బావి నోటి మీద, సముద్రపు నేల దగ్గర కూర్చునే మూడు నాలుగు వందల టన్నుల వాల్వుల గుట్ట. నాలుగైదు అంతస్తుల ఎత్తుంటుంది. కింద నుంచి గ్యాసు తన్నుకొస్తే బావి నోరు మూసేది అదే. దాని నుంచి ఓడ దాకా 21 అంగుళాల రైజర్ గొట్టం, ఎనభై దాకా ముక్కలు ఒకదానికొకటి బిగించి దించుతాం. 2,000 మీటర్ల నీటిలో దించడానికే ఒకటిన్నర, రెండు రోజులు. ఒక బావిలో బీఓపీ కంట్రోల్ పాడ్‌లో లీకు కనిపించింది. తవ్వడం ఆపి, బావిని భద్రం చేసి, రైజర్ అంతా పైకి లాగి చూస్తే అరచేతిలో పట్టే సీలు చిరిగి ఉంది. మార్చాం. మళ్లీ దించి, మళ్లీ ప్రెషర్ టెస్టులన్నీ చేసి తవ్వడం మొదలుపెట్టేసరికి పది రోజులు. ఇలాంటప్పుడు ఓడ అద్దె కొన్ని గంటల తరువాత ఆగిపోతుంది, కాంట్రాక్టులో ఆ మాట రాసుంటుంది. కానీ బోట్లు, హెలికాప్టర్లు, మిగతా సర్వీసు కంపెనీల మీటరు తిరుగుతూనే ఉంటుంది. నేను పనిచేసిన బావుల్లో మొత్తం రోజుల్లో నాలుగో వంతు దాకా ఇలా పని జరగకుండానే పోయేవి. బడ్జెట్ వేసేవాళ్లు మాత్రం ప్రతిసారీ పది శాతమే రాస్తారు.

భూమి ఒప్పుకోకపోతే?

కోనసీమలో ఇసుక నేలలో బావి తవ్వడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తవ్వుతుంటే ఇసుక లోపలికి జారుతుంది, అందుకని వరలు దించుతూ తవ్వుతారు. మా కేసింగ్ కూడా అలాంటిదే. తేడా ఏమిటంటే మాకు వర కింద వర అదే సైజులో పట్టదు. ప్రతి కొత్త కేసింగూ పైదాని లోపలి నుంచి దిగాలి కాబట్టి ఇంకా సన్నంగా ఉండాలి. 36 అంగుళాలతో మొదలుపెట్టి, 20, 13, 9 అంటూ దిగి, చివరికి ఎనిమిదిన్నర అంగుళాల బొక్కతో నిక్షేపం చేరతాం.

ఎప్పుడు కేసింగ్ వేయాలో చెప్పేది మడ్ బరువు. బావి నిండా నింపే ఈ బురద బరువు తక్కువైతే రాళ్లలోని గ్యాసు లోపలికి తన్నుతుంది, అది కిక్. ఎక్కువైతే రాయి పగిలి మడ్ అంతా అందులోకి ఇంకిపోతుంది, అది లాస్. ఈ రెండింటి మధ్య సందులోనే నడవాలి. నేల మీద ఈ సందు వెడల్పు. లోతు నీటిలో పైనున్న రెండు వేల మీటర్లూ రాయి కాదు, నీళ్లు. రాయి బరువు పడని నేల మెత్తగా, తేలిగ్గా పగిలేలా ఉంటుంది. సందు సన్నబడుతుంది. కాబట్టి మాటిమాటికీ కేసింగ్. లక్ష్యం చేరకముందే సైజులు అయిపోతే బావి అయిపోయినట్టే. పశ్చిమాఫ్రికాలో ఒక బావిలో పొద్దున కిక్, సాయంత్రం లాస్. మడ్ బరువు రెండు శాతం అటూ ఇటూ మారిస్తే చాలు, కథ మారిపోయేది. పదకొండు రోజులు కుస్తీ పట్టి, చివరికి కింద భాగం సిమెంటుతో పూడ్చి, పక్కనుంచి కొత్త దారి తవ్వుకున్నాం. ఆ బావిలో చివరికి ఆయిల్ ఉందా అంటే, ఉంది, వ్యాపారానికి సరిపోయేంత లేదు.

మన తీరానికి ప్రత్యేకం తుఫాన్లు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే బయట పుస్తకాల్లో ఇది సరిగా దొరకదు.

డ్రిల్‌షిప్పుకు లంగరు ఉండదు. శాటిలైట్ సిగ్నల్ చూసుకుంటూ, అడుగున ఉన్న ప్రొపెల్లర్లు అటూ ఇటూ తోసుకుంటూ ఒకే చోట నిలబడుతుంది. నీటి లోతులో నాలుగైదు శాతం, అంటే 2,000 మీటర్ల నీటిలో ఒక వంద మీటర్లు, పక్కకు కొట్టుకుపోతే కింద బావితో బంధం తెంచుకోవాల్సిందే. నిమిషంలోపు తెంచే ఏర్పాటు ఉంటుంది. కానీ అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడేది. తుఫాను వస్తుందంటే పద్ధతిగా చేయాలి. గొట్టాలు పైకి లాగి, బావిలో ప్లగ్ వేసి, బీఓపీ మూసి, విడదీసి, రైజర్ అంతా పైకి తీసి, ఓడను దూరంగా తోలుకుపోవాలి. దీనికి నాలుగు రోజులు పడుతుంది.

ఇప్పుడు మన వాతావరణ శాఖ మాటల్లో ఆలోచించండి: అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను. పేరు పెట్టి తుఫాను అని ప్రకటించేసరికి అది మన దగ్గరికి రావడానికి రెండు మూడు రోజులే ఉంటుంది. మాకు కావాల్సింది నాలుగు. అంటే అల్పపీడనంగా ఉన్నప్పుడే నిర్ణయం తీసుకోవాలి. అండమాన్ సముద్రంలో ఏర్పడే అల్పపీడనాల్లో చాలా మన దాకా రానేరావు.

ఒక అక్టోబరులో సరిగ్గా ఇదే. రిగ్గు మీద నేను ఆపేద్దామన్నాను. ఊళ్లో ఆఫీసు నుంచి ఫోను, "ఇంకో పన్నెండు గంటలు చూద్దాం, సెక్షన్ అయిపోవస్తోంది కదా." చూడలేదు. లాగేశాం, దక్షిణానికి పోయాం. ఆ తుఫాను ఒంపు తిరిగి ఒడిశా వైపు పోయింది. మా బావి మీద ఎండ కాసింది. తిరిగొచ్చి, అలలు తగ్గేదాకా ఆగి, అన్నీ మళ్లీ దించి తవ్వడం మొదలుపెట్టేసరికి తొమ్మిది రోజులు, 54 కోట్లు. ఆ ఏడాది నా మీద వచ్చిన రిపోర్టు అంత గొప్పగా లేదు. మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

మరి తుఫాన్లు లేనప్పుడు తవ్వుకోవచ్చు కదా అంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అందరికీ అదే కావాలి. పైగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీరం వెంబడి ఉత్తరానికి ప్రవాహం బలంగా లాగుతుంది. ఆ ప్రవాహంలో రైజర్ వీణ తీగలా వణుకుతుంది, మెటల్ అలసిపోతుంది. ఏ నెలకు ఆ నెల బాధ ఉంది.

చలి కూడా ఒక సమస్యే. మన సముద్రం పైన గోరువెచ్చగా ఉన్నా అడుగున నాలుగైదు డిగ్రీలే. పీడనం 2,000 మీటర్ల దగ్గర 200 రెట్లు. ఆ చలిలో, ఆ ఒత్తిడిలో గ్యాసు, నీళ్లు కలిస్తే మంచులాంటి హైడ్రేట్ గడ్డ కడుతుంది, పైపు మూసుకుపోతుంది. అందుకే గ్యాసు పైపుల్లోకి గ్లైకాల్ ఎక్కిస్తూ ఉండాలి. ఆయిల్‌లో మైనం ఎక్కువుంటే ఇంకో రకం బాధ. కేజీ బేసిన్‌లోనే ఉన్న ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో ఆయిల్ అలాంటిదే కాబట్టి పైపులో పైపు పెట్టి వెచ్చగా ఉంచే పద్ధతి వాడాల్సి వచ్చింది. ఇవన్నీ పరిష్కారాలున్న సమస్యలే. కాకపోతే ప్రతి పరిష్కారానికీ కిలోమీటరుకింత అని రేటుంటుంది.

ప్రమాదం మాట రెండు ముక్కల్లో. 1995లో కోనసీమలో నేల మీద జరిగిన పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మడం) మా వైపు వాళ్లెవరూ మర్చిపోరు, 65 రోజులు మండింది. అక్కడ కనీసం దగ్గరికి వెళ్లి నీళ్లు కొట్టగలిగారు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలినప్పుడు బావి నోరు 1,500 మీటర్ల నీటి కింద ఉంది. మనిషి దిగలేడు. 11 మంది చనిపోయారు. మూయడానికి 87 రోజులు పట్టింది. మధ్యలో లీకు మీద పెద్ద ఇనుప గోపురం దించితే అందులో హైడ్రేట్ గడ్డకట్టి అదీ పనిచేయలేదు. బావి సొంతదారు బీపీ కంపెనీకి మొత్తం 6,500 కోట్ల డాలర్లకు పైగా వదిలింది. ఆ బావి షెడ్యూలుకు చాలా వెనకబడి ఉంది. దర్యాప్తు కమిషన్ తప్పుపట్టిన నిర్ణయాల్లో చాలావరకు రోజులో, గంటలో మిగిల్చేవే. గంటకు 25 లక్షలన్న లెక్క మనిషి బుర్రను ఎలా వంచుతుందో నాకు తెలుసు కాబట్టి ఆ రిగ్గు మీద వాళ్లను నేను తేలిగ్గా తిట్టలేను.

సరే, ఇంత కష్టపడ్డాక అనుకున్నంత ఎందుకు రాలేదు?

తవ్వడం మనవైపు బాగానే జరిగింది. 2013లో మన తూర్పు తీరంలో ఓఎన్‌జీసీ కోసం 3,165 మీటర్ల నీటిలో బావి తవ్వారు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలంటే కేజీ-డీ6 అనే రిలయన్స్ బ్లాకు కథ చూడాలి.

2002లో రిలయన్స్‌కు ధీరూభాయ్ 1, 3 నిక్షేపాలు దొరికాయి. 2004లో 247 కోట్ల డాలర్ల ప్రణాళిక వేశారు. 2006లో దాన్ని 880 కోట్లకు పెంచి, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు అన్నారు. 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్లు దాటింది. ఆ తరువాత దిగడం మొదలుపెట్టి 2014 నాటికి కోటిన్నర లోపుకు వచ్చేసింది. 2020 ఫిబ్రవరిలో ధీరూభాయ్ 1, 3 మూసేశారు. ఎందుకన్నది పెద్ద తగాదా. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భం అనుకున్నట్టు లేదని, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయని కంపెనీ. అది ఆర్బిట్రేషన్ (మధ్యవర్తుల విచారణ) దాకా పోయింది. ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు.

నాకు కనిపించేది వేరే. అక్కడి నిక్షేపం గోదావరి లక్షల ఏళ్ల పాటు మోసుకొచ్చి సముద్రపు లోయల్లో పోసిన ఇసుక. ధ్వని తరంగాలతో భూమి లోపలిది తీసే సీస్మిక్ బొమ్మలో ఆ ఇసుక పాయలు మెరిసిపోతూ కనిపిస్తాయి. కానీ ఒక పాయకూ పక్క పాయకూ కింద సంబంధం ఉందా, మధ్యలో బురద గోడ ఉందా అన్నది బొమ్మ చెప్పదు. ఏళ్ల తరబడి గ్యాసు తీసి, ఒత్తిడి ఎలా తగ్గుతుందో చూస్తే గానీ తెలియదు. నేల మీద అయితే రెండు బావులు తవ్వి, రెండేళ్లు తీసి చూసి, మూడోది ఆలోచిస్తాం. లోతు సముద్రంలో ఆ వీలు లేదు. ప్లాట్‌ఫాం, పైపులు, గ్యాసు ఒడ్డుకు చేరే గాడిమొగ టెర్మినల్ ఎంత సైజులో కట్టాలో మొదటి రోజే తేల్చాలి. గ్యాసు ప్రవాహం గురించి ఏమీ తెలియనప్పుడే డబ్బంతా ఖర్చవుతుంది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా వేసిన పైప్‌లైను కూడా రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లకే వేశారు. ఆ గ్యాసును నమ్ముకుని ఆంధ్రలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. అప్పులిచ్చిన బ్యాంకుల సంగతి చెప్పక్కర్లేదు.

ఇక ఆలస్యం. 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ 2005లో వాటా కొంది. 2016లో సుమారు 507 కోట్ల డాలర్ల ప్రణాళికకు ఆమోదం వచ్చింది. మొదటి ఆయిల్ బొట్టు 2024 జనవరి 7న. ఏడాదికి 12 శాతం రాబడి అడిగే పెట్టుబడిదారుకు ఎనిమిదేళ్ల తరువాత వచ్చే వంద రూపాయల విలువ ఈ రోజు నలభై రూపాయలే. ఒక్క లీటరు ఆయిల్ తగ్గకపోయినా, ఒక్క బావి చెడిపోకపోయినా, ఆలస్యమే అరవై రూపాయలు తినేసింది. నేను రిగ్గు మీద గంట గంటకు పీనాసితనం చేస్తుంటే, పైన కాగితాల దగ్గర ఏళ్లు పోయేవి. అది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ దక్షిణ అమెరికాలోని గయానా. లీజా నిక్షేపం 2015లో దొరికింది. నీటి లోతు 1,743 మీటర్లు, మన కంటే తేలిక కాదు. 2019 డిసెంబరుకల్లా ఆయిల్ తీశారు. 2024లో ఆ దేశం రోజుకు 6 లక్షల బ్యారెళ్లు దాటింది. బ్యారెల్ 30, 35 డాలర్లున్నా అక్కడ గిట్టుతుందని, ఆ క్షేత్రం నడిపే ఎక్సాన్ కంపెనీ చెబుతుంది. ఇసుక మందంగా, శుభ్రంగా ఉంది, ఒక్కో బావి పదుల వేల బ్యారెళ్లు ఇస్తుంది, కాబట్టి బావులు తక్కువ సరిపోతాయి. ఒకే రకం ఉత్పత్తి ఓడను మళ్లీ మళ్లీ కట్టించుకున్నారు. ఒప్పందం కూడా కంపెనీకి బాగా మెత్తగా ఉంది, రాయల్టీ 2 శాతమే. దాని మీద ఆ దేశంలో గొడవ నడుస్తూనే ఉంది, అది న్యాయమైన గొడవే అని నా అభిప్రాయం. పైగా అది ఆయిల్. ఓడలో పోసుకుని ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్ముకోవచ్చు. మనకు ఎక్కువగా దొరికింది గ్యాసు. పైపు ఎక్కడిదాకా ఉంటే కొనేవాడు అక్కడిదాకానే.

గ్యాసుకు ధర కూడా మనదేశంలో సర్కారు చేతిలోనే ఉండేది. డీ6 గ్యాసుకు 2009 నుంచి 2014 దాకా యూనిట్‌కు (పది లక్షల బీటీయూలకు) 4.2 డాలర్లే. 2016లో కష్టమైన క్షేత్రాలకు విడిగా, ఎక్కువ సీలింగ్ ధర పెట్టారు. మరుసటి ఏడాదే రిలయన్స్, బీపీ కలిసి అదే డీ6 బ్లాకులోని ఆర్-క్లస్టర్ అనే క్షేత్రానికి డబ్బు పెట్టడానికి సిద్ధమయ్యాయి. ఇది యాదృచ్ఛికం కాదు. 2020 డిసెంబరులో అక్కడ గ్యాసు మొదలైంది. 2,000 మీటర్లకు పైగా లోతు, ఆసియాలోనే ఎక్కువ లోతున్న గ్యాసు క్షేత్రం. ఇది ఎందుకు నిలబడిందంటే ధర ఒక్కటే కాదు, పాత డీ6 ప్లాట్‌ఫాం, పైపు, టెర్మినల్ అన్నీ అక్కడే ఉన్నాయి. 60 కిలోమీటర్ల పైపు వేసి పాతదానికి తగిలించారు. మొదటి ప్రాజెక్టులో మునిగిన డబ్బు రెండోదానికి పనికొచ్చింది.

రిగ్గుల అద్దె ఎలా ఎగుడుదిగుడైందో ఒక్క ముక్కలో చెబుతాను. 2014లో బ్యారెల్ 115 డాలర్లున్నప్పుడు మూడేళ్లకు షిప్పు కుదుర్చుకున్నవాళ్లు 2016 జనవరిలో 30 కిందికి పడ్డాక కూడా పాత అద్దే కట్టారు. ఆ తరువాత షిప్పుల కంపెనీల వంతు వచ్చింది. సీడ్రిల్ 2017లో, డైమండ్ ఆఫ్‌షోర్ 2020లో దివాలా రక్షణకు వెళ్లాయి. చాలా ఓడలు తుక్కుకు పోయాయి. కొత్త ఓడ కట్టించడమంటే వంద కోట్ల డాలర్ల మాట, ఎవరూ సాహసించట్లేదు. కాబట్టి అద్దెలు మళ్లీ 2 లక్షల కిందికి పడతాయని నేననుకోను.

ఇక అండమాన్. 2025 సెప్టెంబరులో ఆయిల్ ఇండియా విజయపురం-2 బావిలో సహజవాయువు ఉన్నట్టు ప్రకటించారు. నీటి లోతు 295 మీటర్లు, తీరానికి 17 కిలోమీటర్లు. మన లెక్కల ప్రకారం అది డీప్‌వాటర్ కూడా కాదు. వ్యవస్థ బతికే ఉందని, కింద గ్యాసు పుట్టి కదిలిందని తెలిసింది. మంచి వార్తే. కానీ "దొరికింది" అన్న మాటకు, "రోజుకు ఇంత చొప్పున ఇన్నేళ్లు వస్తుంది" అన్న మాటకు మధ్య నిక్షేపం ఎంతో తేల్చే అప్రైజల్ బావులు, ప్రవాహం కొలిచే ఫ్లో టెస్టులు, నాలుగైదేళ్లు ఉంటాయి. అలాంటి వార్త వచ్చినప్పుడు నేను చూసేది మూడు: టెస్టులో రోజుకు ఎంత ప్రవహించింది, ఎన్ని రోజులు నిలకడగా ప్రవహించింది, తగిలించుకోవడానికి దగ్గర్లో ఏ పైపు ఉంది. అండమాన్‌లో మూడోదానికి జవాబు ఇప్పటికి సున్నా. తూర్పు తీరం దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా లోతు సముద్రం. గ్యాసును అక్కడే ద్రవంగా మార్చి ఓడల్లో తేవాలంటే చిన్న నిక్షేపం ఆ ఖర్చు మోయలేదు. గ్యాసు కాకుండా ఆయిల్ దొరికితే మాత్రం ఉత్పత్తి ఓడ ఒకటి తెచ్చి నిలబెట్టొచ్చు, అప్పుడు గ్యాసు అయితే గిట్టని సైజు నిక్షేపం కూడా గిట్టుబాటు కావచ్చు. అందుకే అక్కడ తరువాతి బావుల్లో ఏం దొరికిందన్నది చూస్తాను, ఎంత దొరికిందన్నది ఆ తరువాత.